పరమాణువుల బోను, బావి నీటి వయస్సు

వేసవి కాలమున ఏ గ్రామ పంచాయతీ సమావేశమున చూచినను మొదట చర్చకు వచ్చునది నీటి విషయము. ఏ వీథి బోరు ఎండినది, ఏ బావిలో మట్టము ఎన్ని అడుగులు దిగినది, క్రొత్త బోరు ఎచట వేయవలెను అను ప్రశ్నలతో సభ్యులకు ఊపిరి సలుపదు. ఈ ప్రశ్నలన్నిటికి వెనుక మరియొక ప్రశ్న కలదు. మనము తోడుకొనుచున్న ఈ నీరు ఎప్పటిది? నిరుటి వానకు ఇంకినదా? మన తాతల నాటిదా? లేక మానవుడు సేద్యము నేర్వక పూర్వమే భూమిలోనికి దిగినదా?

ఇది వేడుకకు అడుగు ప్రశ్న కాదు. నిరుటి వాన నీరైనచో అది ఏటేట వచ్చు రాబడి వంటిది. తోడిన దానిని వానలు మరల నింపును. వేల యేండ్ల నాటి నీరైనచో అది పూర్వులు పాతిపెట్టిన నిక్షేపము వంటిది. తోడినకొలది తరుగునే గాని మన జీవితకాలమున మరల నిండదు. రాబడిని వ్యయము చేయు పద్ధతి వేరు, నిక్షేపమును వ్యయము చేయు పద్ధతి వేరు. కనుక నీటి వయస్సు తెలిసినచో దానిని పంచుకొను నియమములు ఏర్పరచుకొనుట సులభమగును.

భూగర్భ జలము వయస్సును లెక్కించుటకు శాస్త్రజ్ఞులు పెక్కు మార్గములు కనిపెట్టిరి. వానిలో మిక్కిలి ఆశ్చర్యకరమైనది ఒకటి కలదు. నీటిలో కరగియున్న క్రిప్టాన్ అను వాయువును వేరుచేసి, అందలి ఒక అరుదైన జాతి పరమాణువులను వెలుగుతో చేసిన బోనులో ఒక్కొక్కటిగా పట్టి లెక్కించుటయే ఆ మార్గము. బోను ఎంత గొప్పదైనను, అందులోనికి తగిన పరమాణువులు, తగినంత నెమ్మదిగా, తగినంత శుభ్రముగా వచ్చి చేరినగాని పని జరుగదు. పొలమును ఎంత బాగుగా దున్నినను విత్తనము మంచిది కానిచో పంట రానట్లే ఇదియును. బోనునకు పరమాణువులను అందించు సాధనమును శాస్త్రజ్ఞులు పరమాణు మూలము అందురు. దానిని సిద్ధపరచు విధములను మేము ఈ వ్యాసమున వివరింపబూనితిమి.

వెలుగుతో చల్లబరచుట

మన చుట్టునున్న సర్వ పదార్థములును పరమాణువులతో ఏర్పడినవి. వాయువులోని పరమాణువులు ఒక్క క్షణమైనను నిలువక పరుగులిడుచుండును. వేడి యనగా ఈ పరుగే. రుబిడియం అను లోహపు ఆవిరిని తీసికొందము. 27 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద అందలి పరమాణువు సెకనుకు సుమారు 290 మీటర్ల వేగముతో పోవును. అనగా గంటకు వేయి కిలోమీటర్లకు పైమాట. ఇంత వేగముతో పోవు దానిని పట్టి పరిశీలించుట దుస్సాధ్యము. మొదట పరుగును తగ్గింపవలెను. పరుగును తగ్గించుట యనగా చల్లబరచుటయే.

ఇందుకు లేసరు వెలుగు తోడ్పడును. లేసరు అనునది ఒకే రంగు గలిగి, చెదరక సూటిగా పోవు వెలుగును ఇచ్చు సాధనము. ప్రతి జాతి పరమాణువును తనకు నియతమైన కొన్ని రంగుల వెలుగును మాత్రమే గ్రహించును. రుబిడియమునకు 780 నానోమీటర్ల తరంగ దైర్ఘ్యము గల వెలుగు అట్టిది. అది కంటికి కనబడీ కనబడని ముదురు ఎరుపు. పరుగెత్తి వచ్చు పరమాణువునకు ఎదురుగా ఆ వెలుగును పంపినచో, అది ఒక వెలుగు కణమును మ్రింగి ఒక చిన్న త్రోపును పొందును. ఒక్క త్రోపుతో తగ్గు వేగము సెకనుకు 6 మిల్లీమీటర్లు మాత్రమే. కాని ఇట్టి త్రోపులు సెకనుకు కోటికి పైగా తగిలింపవచ్చును. సుమారు 50,000 త్రోపులు తగులుసరికి పరమాణువు ఇంచుమించు నిలిచిపోవును.

ఇక్కడ ఒక చిక్కు కలదు. వెనుక నుండి తగులు వెలుగు పరమాణువును ముందుకు త్రోయును గదా! అందులకు లేసరు రంగును పరమాణువు కోరు రంగుకంటె ఒకింత ఎరుపు వైపునకు దించి యుంతురు. ఎదురుగా వచ్చు రైలు కూత హెచ్చు స్థాయిలో వినబడుటను మనము ఎరుగుదుము. అట్లే వెలుగునకు ఎదురేగు పరమాణువునకు ఆ దించిన రంగు తాను కోరు రంగుగనే తోచును. వెనుక నుండి వచ్చు వెలుగు అట్లు తోచదు. కావున పరమాణువు ఎప్పుడును తనకు ఎదురైన కిరణమునే హెచ్చుగా గ్రహించి వేగమును కోల్పోవును. ముందు వెనుకలు, కుడి ఎడమలు, క్రింద మీదులు అను ఆరు దిక్కుల నుండి కిరణములను పంపి, రెండు తీగ చుట్టలతో అయస్కాంత క్షేత్రమును కల్పించినచో, చల్లబడిన పరమాణువులు నడుమ ఒక చిన్న మబ్బు వలె పోగుపడును. ఇదియే పరమాణువుల బోను. దీనికి గోడలు లేవు, వెలుగే గోడ.

1985లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో స్టీవెన్ చూ బృందము సోడియం పరమాణువులను ఆరు కిరణముల నడుమ చల్లబరచినది. 1987లో అయస్కాంత క్షేత్రముతో కూడిన బోను సిద్ధమైనది. ఈ విద్యకు గాను స్టీవెన్ చూ, ఫ్రాన్సు దేశీయుడు క్లాడ్ కోహెన్-తనూజీ, అమెరికా దేశీయుడు విలియం ఫిలిప్స్ అను మువ్వురకు 1997లో నోబెల్ బహుమతి లభించినది. నేడు ఇట్టి బోనులలో పరమాణువులను పరమ శూన్య ఉష్ణోగ్రతకు, అనగా మైనస్ 273.15 డిగ్రీలకు, పైన డిగ్రీలో కొన్ని పది లక్షల వంతుల వరకు చల్లబరచగలుగుచున్నారు.

మూలమున సమృద్ధి, బోనున శూన్యము

బోను పట్టగలిగిన వేగము సెకనుకు 20, 30 మీటర్లు మాత్రమే. మామూలు వేడిమి వద్ద రుబిడియం ఆవిరిలో ఇంత నెమ్మదిగా పోవు పరమాణువులు ఇంచుమించు వేయింటికి ఒకటి చొప్పున ఉండును. తక్కినవి బోనును దాటి పోవును. కనుక పట్టుబడునవి ఎక్కువ కావలెనన్న మూలము నుండి వచ్చునవి సమృద్ధిగా ఉండవలెను.

కాని సమృద్ధిలోనే ముప్పు కలదు. చల్లబడి నిలిచిన పరమాణువును వేగముగా వచ్చు మరియొక పరమాణువు గాని గాలి కణము గాని ఢీకొన్నచో అది బోను నుండి ఎగిరిపోవును. కావున బోను ఉన్న పాత్రలోని గాలిని పంపులతో తోడివేసి, పీడనమును వాతావరణ పీడనములో లక్ష కోట్ల వంతులలో ఒక వంతునకు, ఒక్కొక్కప్పుడు అంతకంటెను తక్కువకు దించుదురు. అంతటి శూన్యముననే పరమాణువులు బోనులో సెకనుల తరబడి నిలుచును.

ఒక ప్రక్క పరమాణువులు మెండుగా కావలెను. మరియొక ప్రక్క పాత్ర ఖాళీగా నుండవలెను. ఈ రెండింటికి పొత్తు కుదుర్చుటయే పరమాణు మూలమును నిర్మించువాని నేర్పు. చెరువు నిండుగా నుండవలెను, తూము నుండి మాత్రము పొలమునకు కావలసినంత నీరే పోవలెను అను నీరుకట్టు వాని విద్య వంటిదే ఇదియును. పరమాణువు జాతిని బట్టి ఈ పొత్తును కుదుర్చు ఉపాయము మారుచుండును.

రుబిడియం: గాజు బుడ్డి, లోహపు పడవ

రుబిడియం మెత్తని లోహము. 39 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద, అనగా మన ప్రాంతపు వేసవి ఎండకే, అది కరగును. మామూలు వేడిమి వద్దనే బోనునకు చాలినంత ఆవిరి నిచ్చును. కాని గాలి తగిలినచో మండును. నీరు తగిలినచో ప్రేలును. అందుచే దానిని గాలి తీసివేసిన గాజు బుడ్డిలో మూసి యుంతురు. బుడ్డిని శూన్య పాత్రకు తగిలించిన గొట్టములో నుంచి, గాలినంతయు తోడిన పిమ్మట, వెలుపలి నుండియే బుడ్డిని పగులగొట్టుదురు. ఆవిరి మెల్లగా పాత్రలోనికి వ్యాపించును. గొట్టమును వెచ్చజేసిన ఆవిరి పెరుగును; చల్లబరచిన తగ్గును. 1990లో అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున కార్ల్ వీమన్ బృందము, ఇట్లు పలుచని సీజియం ఆవిరి నింపిన చిన్న గాజు పాత్ర నుండియే బోను నింపవచ్చునని నిరూపించినది. అంతవరకు పెద్ద యంత్రములు గల ప్రయోగశాలలకే సాధ్యమైన ఈ విద్య నాటితో సామాన్య కళాశాలలకును అందుబాటులోనికి వచ్చినది.

ఈ పద్ధతికి ఒక లోపము కలదు. ఆవిరి ఎల్లప్పుడు పాత్రలో నిండియే యుండును. అక్కరలేనపుడు ఆపుట కష్టము. దీనికి విరుగుడుగా మరియొక సాధనమును వాడుదురు. అది కొన్ని సెంటిమీటర్ల పొడవు గల సన్నని లోహపు పడవ. అందులో రుబిడియం లోహము ఉండదు. రుబిడియం క్రోమేటు అను లవణమును, జిర్కోనియం కలిసిన ఒక మిశ్రలోహపు పొడియు కలిపి యుండును. లవణ రూపమున రుబిడియం సాధువు. గాలిలో నుంచినను హాని లేదు. పడవ గుండా కొన్ని ఆంపియర్ల విద్యుత్తును పంపినచో అది కాగి ఎర్రబారును. అపుడు మిశ్రలోహము లవణములోని ఆక్సిజనును లాగికొని, రుబిడియమును విడిచిపెట్టును. శుద్ధమైన రుబిడియం ఆవిరి సన్నని చీలిక గుండా వెలువడును. విద్యుత్తును ఆపినచో ఆవిరి ఆగును. అవసరమైనపుడే తెరచి, తీరగనే మూయు తూము వంటిది ఈ పడవ. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు ఇట్టి పడవ నుండి రుబిడియం బోనును నింపిన విధమును 2001లో ప్రకటించిరి.

ఇంకొక సున్నితమైన ఉపాయము కలదు. పాత్ర గోడలకు అంటుకొని యున్న రుబిడియం పరమాణువులపై నీలలోహిత కాంతిని ప్రసరింపజేసినచో అవి గోడను విడిచి లేచును. దీపమును ఆర్పినచో తిరిగి గోడలకు అంటుకొనును. బోనును నింపు కొద్ది సెకనులు మాత్రము దీపమును వెలిగించి, తరువాత ఆర్పినచో పాత్ర మరల శూన్యమగును.

ప్రకృతిలోని రుబిడియమున రెండు జాతులు కలవు. నూటికి 72 పాళ్ళు 85 భారము గలది, 28 పాళ్ళు 87 భారము గలది. ఈ రెండింటిని ముందుగా వేరుచేయ నక్కరలేదు. లేసరు రంగును వెంట్రుకవాసి మార్చినచో ఒక జాతి మాత్రమే వెలుగును గ్రహించి బోనులో చిక్కును. రెండవది తన దారిన తాను పోవును. ధాన్యమును తూర్పారబట్టునపుడు గాలి పొల్లును వేరుచేయుచున్నది గదా. ఇచ్చట వెలుగు ఆ పని చేయును. మీదట క్రిప్టాన్ విషయమున ఈ గుణమే మనకు ప్రధానము కానున్నది.

కొలిమి నుండి వెలువడు ధార

అన్ని లోహములును రుబిడియం వలె సులభముగా ఆవిరి కావు. స్ట్రాన్షియం అట్టిది. అది 777 డిగ్రీల వద్ద గాని కరగదు. అయినను శూన్యమున 500 డిగ్రీల ప్రాంతమున, కరగకయే కర్పూరము వలె ఆవిరియై పోవును. దానిని చిన్న కొలిమిలో వేడిచేసి, ఆవిరిని సన్నని గొట్టముల కట్ట గుండా వెలుపలికి పంపుదురు. గొట్టములు సన్ననివి, పొడవైనవి అగుటచే అడ్డదిడ్డముగా పోవు పరమాణువులు గోడలకు తగిలి ఆగును. సూటిగా పోవునవి మాత్రమే ధారగా వెలువడును. ఇట్లు లోహము వృథా కాకుండును, పాత్రయు మలినము కాకుండును.

ఈ ధారలోని పరమాణువులు సెకనుకు కొన్ని వందల మీటర్ల వేగము గలవి. వానికి ఎదురుగా లేసరు కిరణమును పంపి వేగమును తగ్గింపవలెను. అయితే వేగము తగ్గినకొలది పరమాణువునకు తోచు రంగు మారుటచే, కొంతదూరము పోవుసరికి అది వెలుగును గ్రహింపక మానును. దారి పొడవునను తీగను, చుట్ల సంఖ్య క్రమముగా మారునట్లు, చుట్టి అయస్కాంత క్షేత్రమును కల్పించినచో పరమాణువు కోరు రంగు కూడ క్రమముగా మారి, దారి చివర వరకు వెలుగును గ్రహించుచునే యుండును. విలియం ఫిలిప్స్, హెరాల్డ్ మెట్‌కాఫ్ అను వారలు 1982లో ఈ ఉపాయముతో సోడియం ధారను మందగింపజేసిరి. నేటికిని కొలిమి గల ప్రయోగశాలలలో ఈ మందగింపు గొట్టము ముఖ్యమైన అంగము. స్ట్రాన్షియం పరమాణువులతో నడుచు గడియారములు, విశ్వము పుట్టినది మొదలు నేటివరకు నడచినను ఒక్క సెకనైనను తప్పనంత నిక్కచ్చి గలవి.

నారుమడి పద్ధతి

మన రైతులు వరి విత్తనమును నేరుగా పొలమున చల్లక, నారుమడిలో ఒత్తుగా పెంచి, తీసి నాటుదురు. పరమాణు మూలములయందును ఇట్టి పద్ధతి కలదు. రెండు పాత్రలను ప్రక్క ప్రక్కన అమర్చి, నడుమ సన్నని రంధ్రము నుంతురు. మొదటి పాత్రలో ఆవిరి హెచ్చుగా ఉండును. అచ్చట నాలుగు దిక్కుల నుండి మాత్రము వెలుగును పంపి, పరమాణువులను సన్నని దారము వంటి ధారగా చల్లబరచుదురు. వెనుక నుండి మరియొక కిరణము ఆ ధారను రంధ్రము గుండా రెండవ పాత్రలోనికి త్రోయును. రెండవ పాత్రలో శూన్యము మిక్కిలి హెచ్చు. రంధ్రము సన్ననిదగుటచే మొదటి పాత్రలోని ఆవిరి అటు పోజాలదు. నెమ్మదించిన పరమాణువులు మాత్రము దాటిపోవును. సమృద్ధికి ఒక పాత్ర, శూన్యమునకు వేరొక పాత్ర ఏర్పడుటచే ఇంతకుముందు చెప్పిన చిక్కు ఇట్లు తీరినది.

ప్రకృతిలో ఇంచుమించు దొరకని పరమాణువులకు సైతము మూలములను కల్పించిరి. ఫ్రాన్సియం అను మూలకమున ఎక్కువకాలము నిలుచు జాతికే అర్ధాయువు, అనగా ఉన్నదానిలో సగము నశించుటకు పట్టు కాలము, 22 నిమిషములు. అమెరికాలోని స్టోనీ బ్రూక్ విశ్వవిద్యాలయమున శాస్త్రజ్ఞులు బంగారపు రేకుపై ఆక్సిజను కణములను మిక్కిలి వేగముతో కొట్టిరి. బంగారము మూలకములలో 79వది, ఆక్సిజను 8వది. రెండును కలిసి 87వదియగు ఫ్రాన్సియం ఏర్పడినది. దానిని బోనులో పట్టిన వార్తను వారు 1996లో ప్రకటించిరి.

నీటి నుండి క్రిప్టాన్

ఇక మన ప్రధాన విషయమునకు వత్తము. మనము పీల్చు గాలిలో పది లక్షల పాళ్ళకు ఒక పాలు క్రిప్టాన్ కలదు. ఇది దేనితోను సులభముగా కలియని వాయువు. వాన నీటిలో కొంత కరగి, నీటితోపాటు భూమిలోనికి దిగును. ఈ క్రిప్టానులో 81 భారము గల జాతి మిక్కిలి అరుదు. ఆకాశము నుండి వచ్చు విశ్వకిరణములు పై వాతావరణమున దీనిని పుట్టించుచుండును. లక్ష కోట్ల క్రిప్టాన్ పరమాణువులలో ఇవి ఒకటియైనను ఉండునో లేదో అన్నంత కొలది. దీని అర్ధాయువు సుమారు 2,29,000 సంవత్సరములు. నీరు భూమిలోనికి దిగి గాలితో సంబంధము తెగిన నాటి నుండి ఈ జాతి తరుగుచు పోవును. అందలి తరుగును కొలిచినచో నీటి వయస్సు తెలియును.

కొలుచుట ఎట్లు? ఇటీవలి కాలపు ఒక లీటరు నీటిలో క్రిప్టాన్ 81 పరమాణువులు సుమారు వేయి మాత్రమే. అవి నశించునపుడు వెలువడు కిరణములను లెక్కింపవలెనన్న తరములు గడచినను చాలవు. కనుక నశింపక ముందే వానిని ఒక్కొక్కటిగా పట్టి లెక్కింపవలెను. ఇది బోనుతో సాధ్యము. ఏలయన లేసరు రంగును 81 జాతికి సరిపోవునట్లు త్రిప్పినచో ఇతర జాతులు కోటానుకోట్లు దాటిపోయినను బోనులో చిక్కవు. చిక్కిన ఒక్క పరమాణువు సైతము వెలుగును మరల మరల విరజిమ్ముచు నక్షత్రము వలె మెరయును. దానిని కెమెరాతో చూచి లెక్కించుదురు.

అయితే క్రిప్టానునకు మూలమును నిర్మించుట అన్నిటికంటె కష్టము. సహజ స్థితిలో నున్న క్రిప్టాన్ గ్రహించు వెలుగు, గాలియే మ్రింగివేయు అతినీలలోహిత కాంతి. దానికి తగిన లేసరులు సులభముగా దొరకవు. అందుచే క్రిప్టానును మొదట ఒక ఉద్రిక్త స్థితికి ఎత్తవలెను. ఆ స్థితిలో నున్న పరమాణువు కొన్ని పదుల సెకనులు నిలుచును. 811 నానోమీటర్ల పరారుణ వెలుగును గ్రహించును. ఇందులకు క్రిప్టానును ఒక గొట్టము గుండా పోనిచ్చి, గొట్టము చుట్టు తీగ చుట్టి, రేడియో తరంగముల వంటి విద్యుత్తును ప్రవహింపజేయుదురు. గొట్టములోని వాయువు ప్రకటన దీపముల వలె వెలుగును. ఎలక్ట్రానులు తగిలి కొన్ని పరమాణువులు కోరిన స్థితికి చేరును. అట్లు చేరునవి వేయింటికి ఒకటియైనను గొప్పయే. గొట్టమును మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజనుతో చల్లబరచి పరమాణువుల వేగమును మొదటనే కొంత తగ్గించుదురు. పిమ్మట మందగింపు గొట్టము, ఆ పిమ్మట బోను.

ఈ మూలమునకు ఒక దోషము కలదు. వెలుగుచున్న గొట్టములో విద్యుదావేశము పొందిన క్రిప్టాన్ కణములు గోడలలో నాటుకొనును. తరువాతి నమూనాను పరీక్షించునపుడు అవి గోడల నుండి వెలువడి లెక్కను చెడగొట్టును. మొన్న ఒక రకము విత్తిన గొర్రులో గింజలు మిగిలిపోయి, నేడు వేరొక రకముతో కలిసినట్లే. అందుచే ఒక నమూనాకును మరియొక నమూనాకును నడుమ గొట్టములో గ్సీనాన్ వంటి వేరొక వాయువును గంటల తరబడి వెలిగించి గోడలను కడుగుదురు. విద్యుత్తు లేకయే, వెలుగుతోనే క్రిప్టానును కోరిన స్థితికి ఎత్తి బోనులో పట్టు పద్ధతిని చైనా దేశమున హెఫేయి నగరములోని పరిశోధకులు 2021లో ప్రకటించిరి. ఇందులో కణములు గోడలలో నాటుకొను బాధ లేదు.

ఎడారి క్రింది నీరు

అమెరికాలో చికాగో నగర సమీపమునగల ఆర్గోన్ జాతీయ ప్రయోగశాలలో 1999లో ఈ విధమున మొదటిసారి క్రిప్టాన్ 81 పరమాణువులను లెక్కించిరి. నాటి యంత్రమున కోటి పరమాణువులు ప్రవేశించిన ఒక్కటి పట్టుబడెడిది. ఆ కారణముచే ఒక్క పరీక్షకు టన్నుల కొలది నీరు కావలసి వచ్చెడిది. అట్లయినను వారు ఈజిప్టు దేశపు పశ్చిమ ఎడారిలోని లోతు బావుల నీటిని పరీక్షించి, దాని వయస్సు 2 లక్షల నుండి 10 లక్షల సంవత్సరముల వరకు కలదని 2004లో వెల్లడించిరి. ఎన్నడో ఆ ఎడారిలో వానలు సమృద్ధిగా కురిసిన యుగముల నాటి నీరు అది. నేడు ఆ బావులతో పండించు పంట, పది లక్షల యేండ్ల నాటి వానతో పండుచున్న పంట.

తరువాత బోను గాక మూలమును సవరించుటకే శాస్త్రజ్ఞులు హెచ్చుగా శ్రమించిరి. ధారను కూర్చుట, చల్లబరచుట, ఉద్రిక్త స్థితికి చేరు పరమాణువుల సంఖ్యను పెంచుట అను పనులలో ఒక్కొక్క మెట్టు ఎక్కినకొలది కావలసిన నీరు తగ్గినది. నేడు టన్నులకు మారుగా పదుల కిలోగ్రాముల నీరు చాలును. విత్తనపు శుద్ధి పంట రూపమును మార్చినట్లు, మూలపు శుద్ధి ఈ పరీక్ష రూపమునే మార్చినది.

క్రిప్టాన్ 81 లక్షల యేండ్ల నాటి నీటికి తగిన కొలబద్ద. అదే బోనుతో క్రిప్టాన్ 85 అను జాతిని పట్టినచో ఇటీవలి కొన్ని దశాబ్దముల నీటిని గుర్తింపవచ్చును. దాని అర్ధాయువు సుమారు 11 సంవత్సరములు. ఆర్గాన్ 39 అను వేరొక వాయు జాతి అర్ధాయువు సుమారు 270 సంవత్సరములు. అది కొన్ని వందల యేండ్ల నీటికి తగినది. చిన్న కుంచము, పెద్ద కుంచము వేరు వేరుగా నున్నట్లు వయస్సును బట్టి కొలబద్ద మారును.

మన గ్రామములకు దీని ప్రయోజనము

తెలంగాణమునను రాయలసీమయందును విశేష భాగము గ్రానైటు వంటి కఠిన శిలల ప్రాంతము. ఇచ్చట నీరు పైనున్న శిథిల శిలలోను, క్రింది రాతి పగుళ్ళలోను నిలుచును. కృష్ణా గోదావరీ డెల్టాలలో ఇసుక, ఒండ్రు పొరలు కలవు. ఒకే గ్రామమున పై బావి నీరును, లోతు బోరు నీరును వేరు వేరు వయస్సులు కలవై యుండవచ్చును. పై బావి ఎండినదని లోతు బోరు వేయుట అన్ని చోట్ల ఒకే అర్థము గల పని కాదు. క్రింది నీరు ఏటేట నిండునదైనచో అది రాబడి. కానిచో అది మన మనుమల నిక్షేపము. ఈ భేదము మనస్సున నున్నచో బోరుపై నిర్ణయము తీసికొను సభ్యుడు మరింత జాగ్రత్త వహించును.

పరమాణువుల బోనులు గల నీటి పరీక్షశాలలు లోకమున కొలదిగనే యున్నవి. సామాన్యముగా నీటి వయస్సునకు ట్రిటియం, కర్బనము 14 అను వానిని కొలుచు పరీక్షలనే వాడుదురు. ట్రిటియం ఇటీవలి నీటిని, కర్బనము 14 వేల యేండ్ల నీటిని తెలుపును. ఏ పరీక్షయైనను నమూనా మంచిదైననే ఫలితము మంచిదగును. కావున భూగర్భ జల శాఖవారు నమూనాకై మన గ్రామమునకు వచ్చినపుడు సభ్యులు గమనింపవలసిన అంశములు కొన్ని కలవు.

మొదటిది: నమూనా తీయుటకు ముందు బోరును కొంతసేపు నడిపి, గొట్టములో నిలిచిన నీటిని పోనీయవలెను, పొరలోని తాజా నీరు వచ్చిన పిమ్మటనే పట్టవలెను. రెండవది: వాయువులను కొలుచు పరీక్షకైనచో నీటికి గాలి తగులరాదు. నేటి గాలిలోని క్రిప్టాన్ ఇంచుక కలిసినను ముసలి నీరు పడుచు నీరుగా లెక్కకు వచ్చును. మూడవది: బోరు వేసిన తేది, లోతు, నీరు పడిన అడుగులు, గొట్టము దింపిన లోతు వ్రాసి పంచాయతీ పుస్తకములో భద్రపరుపవలెను. ఏ పొర నీరో తెలియని నమూనాకు వయస్సు తెలిసినను ప్రయోజనము స్వల్పము. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2002లో వెలువడిన నీరు, భూమి, చెట్ల చట్టము బావులను నమోదు చేయవలెనని చెప్పుచున్నది; ఆ నమోదును శ్రద్ధతో జరిపినచో ఈ సమాచారము దానంతటదియే సమకూరును. నాలుగవది: వానకు ముందును, వాన తరువాతను బావుల మట్టములను కొలిచి వ్రాయవలెను. వాన వెంటనే మట్టము లేచు బావి ఒక కథ చెప్పును. ఎన్ని వానలు కురిసినను కదలని బోరు వేరొక కథ చెప్పును. దీనికి లేసరు అక్కరలేదు. బరువు కట్టిన కొలత టేపు చాలును.

ఒక్క పరమాణువును పట్టుటకై శాస్త్రజ్ఞులు కొలిమి నుండి, గొట్టము నుండి, గోడ నుండి వచ్చు ప్రతి మలినమును తొలగించుచు ఏండ్ల తరబడి శ్రమించిరి. ఆ శ్రమకు ఫలముగా భూమి లోతున దాగిన నీటి జన్మకాలము నేడు మానవునకు తెలియుచున్నది. ఆ నీటిని ఎంత తోడవలెను, ఎంత మిగుల్పవలెను అనునది మాత్రము గ్రామమువారు కూడి నిర్ణయింపవలసిన విషయము. బోర్ల వివరములను, బావుల మట్టములను ఈ యేడాది నుండియే పుస్తకమున కెక్కించు పంచాయతీకి, అట్టి నిర్ణయము తీసికొను దినమున, ఆధారము చేతిలో నుండును.